ముజావరు మామ చెప్పులు

కిర్రు చెప్పుల చప్పుడు ఈమధ్య ఎక్కడా వినపడడం లేదు. రాయచోటి సంతలో కూడా ఇప్పుడు అందరివీ రబ్బరు చెప్పులే. అందుకే పోయిన వారం కర్నూలు వైపు, నల్లమల అంచున ఒక ఊళ్లో, ఎవరో పెద్దాయన కిర్రు కిర్రుమంటూ నడిచొచ్చి భజన మందిరం మెట్ల దగ్గర చెప్పులు విడుస్తుంటే నా గుండె గతుక్కుమంది. తిరిగి చూశాను. ముజావరు మామ కాదు. ఎట్లా అవుతాడు? మామ మొన్న చలికాలంలో పోయాడు. పైగా పోయేనాటికి ఆయన కాళ్లకు చెప్పులే లేవు. ఆ కాళ్లకు చెప్పులు తొడిగించాలని నేను చేయని ప్రయత్నం లేదు. నా వల్ల కాలేదు.

నా పని కొండకింద ఊళ్లు తిరగడం. వాన ముదిరి కొండమీది మట్టి బురదై దిగితే ఎటు పోవాలి, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలి, ఏ మిట్ట మీద చేరాలి అని జనానికి నేర్పించడం. మా వైపు వాన కోసం ఏడ్చేవాళ్లే గానీ వానను చూసి భయపడేవాళ్లు తక్కువ. "వానొస్తే సంతోషమే గదమ్మా, పారిపోవడం ఎందుకు?" అని నవ్వుతారు. నవ్వించుకుని, వాళ్లు పోసిన టీ తాగి, మళ్లీ మొదలుపెట్టడం నాకు అలవాటే.

రాయచోటికీ కడపకూ మధ్య పాలకొండల కింద మామ వాళ్ల పల్లె. ఆ కొండ ఒకవైపు ఎండాకాలం మంటల్లో ఏటా కాలి బోడిగా తయారైంది. ఇంకోవైపు గ్రావెలు కోసం ఎవరెవరో తవ్వి వదిలేసిన మట్టి కుప్పలు. కింద వంక, వంక పక్కనే ఇళ్లు. ఊరంతా తిరిగి చూస్తే బురదకు అందనంత ఎత్తున ఉన్న గట్టి కట్టడం ఒక్కటే కనిపించింది. అది పీర్ల చావిడి. నాపరాళ్ల గోడలు, నిటారు మెట్లు, ఒకటే వాకిలి. లోపల పీర్లను నిలబెట్టే గద్దె. ఏడాదంతా పీర్లు పెట్టెలో ఉంటాయి, పండగకు బయటికొచ్చి పట్టు దట్టీలు కట్టుకుంటాయి. ఆ పెట్టెకూ, ఆ గద్దెకూ, ఆ వాకిలికీ కాపలా ఉండే మనిషి ముజావరు మామ.

ఆయన అసలు పని పరుపులు కుట్టడం. చావిడి అరుగు మీదే కూర్చుని దబ్బనంతో కుట్టుకుంటూ ఉండేవాడు. గడ్డంలో ఎప్పుడూ దూది పింజలు. తెల్ల వెంట్రుక ఏదో దూది ఏదో తెలిసేది కాదు. మనిషి వస్తే మొహం చూసేవాడు కాదు, మొదట కాళ్లు చూసేవాడు. నన్ను మొదటిసారి పలకరించింది కూడా అట్లాగే.

"ఎవురమ్మా ఆ బకిలీసు చెప్పులు? మెట్టు కిందనే ఇడ్సాల."

విడిచాను. అప్పుడు తలెత్తి మొహం చూసి, "కూర్చో పాపా, యాడ్నించి వస్తాండావు?" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆయనకు పాప, ఆయన నాకు మామ. ఊరందరికీ మామే. రెడ్ల ఇంట్లో పుట్టిన బిడ్డకైనా ఆయన చేతి నెమలీకల కట్ట తల మీద పడాల్సిందే.

చెప్పుల విషయంలో మాత్రం మామకు మర్యాదలు లేవు. మండలాఫీసు నుంచి నాతో ఒక పెద్ద అధికారి వచ్చాడొకసారి. లేసులు కట్టే బూట్లు. లోపలికి తొంగి చూస్తే చాలనుకున్నాడు పాపం. మామ దబ్బనం దూదిలో గుచ్చి లేచి నిలబడ్డాడు. "ఆఫీసరయితే ఏమప్పా, కాళ్లు కాళ్లే గదా" అన్నాడు. ఆయన వంగి లేసులు విప్పలేక అవస్థ పడుతుంటే పడిపోకుండా భుజం పట్టుకున్నది కూడా మామే. వదిలిన బూట్లను కర్రతో నెట్టి, ముందుభాగం బయటికి తిప్పి, జతగా పెట్టాడు. అందరి చెప్పులూ అట్లాగే పెట్టేవాడు. దిగి రాగానే కాళ్లు దూర్చుకుని పోవచ్చని.

ఆయన చెప్పుల గురించి చెప్పకపోతే మామ గురించి చెప్పినట్టే కాదు. రాయచోటిలో ఒకే ఒక చెయ్యి కుట్టిన కిర్రు చెప్పులు తప్ప వేసుకునేవాడు కాదు. వాటికి ఆముదం పట్టించి ఎండలో పెట్టి, కొత్తల్లుడిని చూసుకున్నట్టు చూసుకునేవాడు. వీధి చివర్లో కిర్రుమంటే ఇంట్లో అత్త కంచం పెట్టేది. "ఈ మనిషి వచ్చేది నాకు చెప్పులే చెప్తాయి, నోరు చెప్పదు" అనేది.

మామ సుబ్బమ్మవ్వను తిట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆమె కళ్లకు పొర కమ్మింది, చెవులూ అంతంత మాత్రం. బేస్తవారం వచ్చిందంటే ఊదు, చక్కెర పట్టుకుని చావిడికి వచ్చేది. మామకు ఆమె వదిన వరస. ఆరోజు చెప్పులతోనే గడప దాకా వచ్చేసింది.

"ఏం వదినా, కండ్లు లేవు సరే, కాళ్లకు గూడా తెలీదా యాడ నిలబడిండాయో!" అని ఊరు వినేట్టు అరిచాడు.

ఆమె మొహం చిన్నబోయింది. "తప్పయిందయ్యా, తప్పయింది" అని గోడ పట్టుకుని దిగిపోయింది. అప్పటినుంచి ఆమె ఒక్కనాడు మరవలేదు. కింది మెట్టు దగ్గరే ఆగి, వంగి చెప్పులు విడిచి, చేత్తో తడిమి వాటిని జతగా మూలకు జరిపి, అప్పుడు ఎక్కేది. మామ అరుగు మీదినుంచి చూసి, "అదీ! ఇప్పుడు మా వదినవి" అని మెచ్చుకునేవాడు. ఆమె బోసినోటితో నవ్వేది.

చావిడిని బురదొచ్చినప్పుడు తలదాచుకునే చోటుగా ఇవ్వమని అడగడానికి నాకు నెల పట్టింది. ఇస్తాడో లేదో అని తెగ భయపడ్డాను. మామ మాత్రం ఒక్క మాటతో తేల్చేశాడు. "పీర్లుండేది దేనికి పాపా, మనుసులు సచ్చిపోతాంటే చూసేదానికా?" అన్నాడు.

నేను మాక్ డ్రిల్లు అంటే ఊళ్లో దాన్ని బురదాట అన్నారు. ఆ పేరే నిలిచింది. ఈల ఊదగానే అందరూ పనులొదిలేసి చావిడికి నడవాలి. నడిచారు. ముసలివాళ్లను మంచాల మీద మోసుకొచ్చారు, నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ. అంతా బాగానే జరిగింది గానీ మెట్ల దగ్గరకొచ్చేసరికి గుంపు ఆగిపోయింది. ప్రతి మనిషీ వంగి చెప్పులు విడుస్తున్నాడు. వెనకవాళ్లు వంక దాకా నిలబడిపోయారు.

నేను మామ దగ్గరికి పోయి మెల్లగా చెప్పాను. "మామా, ఇక్కడ ఆగితే కష్టం. చెప్పులతోనే లోపలికి రమ్మని చెప్పు. ఒక్కసారి అలవాటైతే చాలు."

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "ఇది ఆట గదా పాపా. ఆటకు గద్దె ముందర చెప్పులా? నిజంగా వచ్చిన పొద్దు నేనే చెప్తాలే, తొక్కుకుంటా రమ్మని."

నాకు తెలుసు. మనిషి భయంలో కొత్తపని చేయడు, అలవాటైన పనే చేస్తాడని నేనే పదిమందికి పాఠం చెబుతాను. అయినా ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. చావిడి ఇచ్చిన మనిషిని ఇంకేం అడుగుతాం అనిపించింది. ఆయన అలుగుతాడేమోనన్న భయమూ ఉంది, దాచుకోవడం దేనికి?

ఆ కార్తీకంలో తుపాను పట్టింది. నేను రాయచోటిలో చిక్కుపడిపోయాను, దారి తెగింది. ఇక జరిగినదంతా ఊళ్లోవాళ్లు చెబితే విన్నదే. ఆ మధ్యాహ్నం వాన కురుస్తూనే ఉంది గానీ వంకలో నీళ్లు ఉన్నట్టుండి తగ్గాయట. పైన ఎక్కడో మట్టి అడ్డం పడిందని, అది తెగితే ఆగదని, వంక దగ్గర కాపలా ఉన్న మనిషికి తెలుసు. ఈల ఊదాడు. ఊరు కదిలింది. నేర్పింది నేర్పినట్టే చేశారు. మెట్ల దాకా వచ్చి, నేర్పినట్టే ఆగి, చెప్పులు విడవడానికి వంగారు.

మామ గడపలో నిలబడి అరిచాడు. "చెప్పులతోనే రాండప్పా! ఇడ్సాకండి! లోపలికి రాండి!"

ఎవరూ కదల్లేదు. ముందున్న వాళ్ల చేతులు చెప్పుల మీదే ఉన్నాయి. తడిసిన పట్టీలు ఊడి రావు, వెనకవాళ్లు నెడుతున్నారు. పుట్టినప్పటినుంచి తిట్టిన నోరు ఇప్పుడు రమ్మంటే కాళ్లకు నమ్మకం కుదరలేదు. అప్పుడు మామ గుంపును తోసుకుని బయటికొచ్చాడు. అరుగు మీద పెట్టుకున్న తన కిర్రు చెప్పులు తొడుక్కున్నాడు. తొడుక్కుని లోపలికి పోయాడు. తాను రోజూ ఊడ్చే బండల మీద, బురద కాళ్లతో, కిర్రు కిర్రుమంటూ నడిచి గద్దె ఎక్కి నిలబడ్డాడు. "చూడండప్పా, నేనే తొక్కినా. ఇంగ రాండి" అన్నాడు.

అప్పుడు కదిలారు. చావిడి నిండిపోయింది. కొండ దిగొచ్చింది. కింది వీధిలో ఇళ్ల కిటికీల దాకా బురద, బురదలో బండరాళ్లు. ఊరంతా దక్కింది, సుబ్బమ్మవ్వ ఒక్కతే దక్కలేదు. నడవలేక వెనకబడిపోయింది అన్నారు. నేనూ అదే చెప్పాను, మీటింగుల్లో, ఫొటోలు చూపిస్తూ. ఒక్క వృద్ధురాలు తప్ప అందరినీ కాపాడుకోగలిగాం అని. చప్పట్లు కొట్టేవాళ్లు.

మర్నాటి నుంచి మామ చావిడి కడిగాడు. ఎవరినీ సాయం రానివ్వలేదు. మెట్ల మీది బురద పారతో ఎత్తి, గద్దె నీళ్లతో కడిగి, ఊదు వేశాడు. కిర్రు చెప్పులు ఏమయ్యాయో తెలియదు. ఆ తర్వాత మామ చెప్పులు తొడగలేదు. కడప ఎండలో, పల్లేరుకాయల్లో, రాయచోటి బస్టాండు తారు మీద, ఉత్త కాళ్లతో తిరిగాడు. వీధిలో ఆయన వచ్చేది ఎవరికీ తెలిసేది కాదు. చప్పుడు లేకుండా వచ్చి వాకిట్లో నిలబడితే అత్త ఉలిక్కిపడేది.

గద్దె తొక్కిన పాపానికి మొక్కుకున్నాడని ఊరంతా అనుకున్నారు. ఆ ఏడు పీర్ల పండగకు జనం పీర్లతో పాటు మామ కాళ్లకూ మొక్కారు. మామ కాళ్లు లుంగీ కిందికి లాక్కుని, "పోండప్పా, ఈడేం ఉండాదని!" అని కసిరాడు. వినయం అనుకున్నాం.

మామకు షుగరు. ఎప్పటినుంచో ఉంది. ఉత్త కాళ్లతో ఎంతకాలం నెగ్గుకొస్తాడు? పోయినప్పుడల్లా ఇదే గొడవ మా ఇద్దరికీ.

"ఒక్క ముల్లు చాలు మామా, కాలు పోతుంది."

"ముల్లు గుచ్చుకుంటే తెలుస్తాది గదా."

"తెలీదు! అదే ఆ జబ్బు. నీ కాళ్లకు ఇంక నొప్పి తెలీదు."

"తెలుస్తాది పాపా" అని నవ్వేవాడు. "నాకు శానా తెలుస్తాది."

షుగరువాళ్ల కోసం చేసే మెత్తటి చెప్పులు కడపలో వెతికి కొనుక్కొచ్చాను. తీసుకున్నాడు, కాదనలేదు. తర్వాత పోతే అవి గుడ్డలో చుట్టి గోడ మేకుకు వేలాడుతున్నాయి. "కొత్త పెండ్లికూతుర్ని చూసుకున్నట్టు చూసుకుంటాండాం" అని అత్త మూతి తిప్పింది. "నువ్వన్నా చెప్పు పాపా. పీర్లు మరిచిపోయింటారు, ఈ మనిషి మరిచిపోడు."

చెప్పాను. పీర్లు దయగలవాళ్లని, ప్రాణాలు కాపాడితే తప్పు పట్టరని, నాకు తెలిసిందీ తెలియందీ కలిపి చెప్పాను. మామ దబ్బనం ఆపకుండా విన్నాడు. లోపల నాకు కుములుతూనే ఉండేది. చావిడి అడిగింది నేను కదా. నేను అడక్కపోతే ఆయన గద్దె తొక్కేవాడు కాదు కదా అని. బాధ సరైనదే గానీ, తప్పు చోట పెట్టుకున్నానని తర్వాత తెలిసింది.

చివరికి అనుకున్నదే అయింది. ఎక్కడో గాజు పెంకు దిగింది, తెలియలేదు, చీము పట్టింది. కడప ఆసుపత్రిలో బొటనవేలు తీశారు. నలుపు పైకి పాకింది. పాదం తీయాలన్నారు. మామ ఇంటికి పోదాం పదమన్నాడు.

నేను పోయేసరికి పంచలో మంచం మీద ఉన్నాడు. కట్టు కట్టిన కాలు దిండు మీద. ఆ దిండు ఆయన కుట్టిందే. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మేకుకున్న మూట దించి విప్పి, ఆ చెప్పుల్లో ఒకటి తీసి బాగున్న కాలికి తొడగబోయాను. "ఈ ఒక్క కాలన్నా మిగుల్చుకో మామా. ఆ గద్దె కోసం ప్రాణం తీసుకుంటావా?"

మామ కాలు వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వు గూడా గద్దె కోసమే అనుకుంటాండావా పాపా?" అన్నాడు. "పీర్లకేం? వాళ్లు యుద్ధంలో పోయినోళ్లు. నెత్తురు చూల్యాదా, బురద చూల్యాదా? చెప్పులకు కోపం చేసుకునేంత చిన్నోళ్లు గాదు వాళ్లు."

"మరెందుకు?"

అత్త లోపల రొట్టెలు కొడుతోంది, ఆ చప్పుడొకటే.

"వదిన వెనకబడల్యా" అన్నాడు. "మెట్ల కాడికి వచ్చేసింది. నేను గద్దె మీద నిలబడిండా గదా, అందురి తలకాయల పైనుంచి వాకిలి కనపడతాంది. అందురూ చెప్పులతో ఎక్కుతాండారు. ఆయమ్మకు కండ్లు ఆనవు, వానలో నా అరుపు ఇనపడదు. కింది మెట్టు కాడ నిలబడి వంగింది. ఒకటి ఇడ్సింది. రెండోది ఇడ్సింది. మూలకు జరపాలని చేత్తో తడుముతాంది. వదినా, వదినా అని అరుస్తాండా, దిగి పోదామంటే జనం లోపలికి వస్తానే ఉండారు. అంతలోనే వచ్చేసింది పాపా, బురద."

నా చేతిలో ఆ మెత్తటి చెప్పు అట్లాగే ఉంది.

"బురద ఎత్తేటప్పుడు దొరికినాయి. మెట్టు మూలన, జతగా. బయటికి తిప్పి పెట్టింది." మామ కట్టు కేసి చూసుకున్నాడు. "నేర్పించింది నేనే గదా."

ఆటలోనే తొక్కించి ఉంటే ఆమె ఎక్కేది. ఒక్కసారి తన కాళ్లతో, చెప్పులతో, ఆ గడప దాటి ఉంటే చాలు, ఆ రోజు వంగేది కాదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఊరు మొత్తం మీద నేనొక్కదాన్నే. తెలిసీ నవ్వి ఊరుకున్నాను.

"తప్పు నాది మామా" అన్నాను. "నువ్వు ఒప్పుకోకపోయినా నేను పట్టుబట్టాల్సింది."

మామ నావైపు చూశాడు. మొదటిసారి ఆ చూపులో ఎకసెక్కం లేదు.

"నీది నీకుండాదిలే పాపా. నాది నాకుండనీ."

ఆ చలికాలం దాటలేదు మామ. జనాజా లేచేటప్పుడు నేను వాకిట్లో ఆడవాళ్ల మధ్య నిలబడ్డాను. పక్కనున్నామె కళ్లు ఒత్తుకుంటూ, "పీర్ల మీద ఎంత బక్తి, కాలు పోయినా చెప్పు తొడగల్యా" అంది. నేను దిద్దలేదు. అత్తకు కూడా చెప్పలేదు. ఇప్పటికీ ఆ ఊళ్లో మామ భక్తుడే. ఇదంతా ఎక్కడా చెప్పలేక ఇన్నాళ్లూ మోశాను.

పోయిన వారం ఆ నల్లమల కింద ఊళ్లో ఈల ఊదాను. జనం నవ్వుకుంటూ భజన మందిరానికి వచ్చారు. మెట్ల దగ్గర ఆగారు. వంగారు. కిర్రు చెప్పుల పెద్దాయన ఆ మందిరానికి పెద్ద. ఆయన దగ్గరికి పోయి చెప్పాను, చెప్పులతోనే రావాలని. ఆయన నొచ్చుకున్నాడు.

"దేవుని ముందరికా తల్లీ? ఇది ఒట్టి ఆట గదా. నిజంగా వచ్చిన పొద్దు చూసుకుందాంలే."

అవే మాటలు. ఆయనకు మామ కథ చెబుదామనుకున్నాను, చెప్పలేదు. నా చెప్పులు నేను విడవలేదు. విడవకుండానే మెట్లెక్కి, లోపల ముగ్గు వేసిన బండల మీద నడిచి, దేవుడి పటాల ముందు నిలబడ్డాను. అబద్ధమాడను, దేవుడికీ భయపడ్డాను, జనానికీ భయపడ్డాను.

"చెప్పులతోనే రండి" అన్నాను.

ఒక్కరూ రాలేదు. ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది. కింది మెట్టు దగ్గర ఒక అవ్వ చెప్పు పట్టీ చేత్తో పట్టుకుని, వంగింది వంగినట్టే, నన్ను చూస్తోంది. నేను దిగి పోయి ఆమె చెయ్యి పట్టీ మీదినుంచి తీశాను. తీసి పట్టుకుని, ఆమె గొణుగుతుంటేనే మెట్లెక్కించాను. గడప దాటించాను. ఆమె ముగ్గు మీద తన చెప్పులు చూసుకుని భయంగా నవ్వింది. అప్పుడు ఒకరి వెనక ఒకరు వచ్చారు. పెద్దాయన చిట్టచివర వచ్చాడు. కిర్రు కిర్రుమని.

సాయంత్రం అందరూ ఇళ్లకు పోయాక మందిరం నేనే కడిగాను. పెద్దాయన బకెట్టుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు. బండల మీద బురదేం లేదు, ఒట్టి దుమ్ము. అయినా చాలాసేపు కడిగాను.